పెద్ద గుమ్మం ఆయన కోసం దాచిన శోకం

ముందుగా ఒక మనవి. నా రాత బాగుండదు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, తప్పులు కూడా ఉంటాయి. మా లోయలో నా ఈడువాళ్ళందరూ బడికి వెళ్ళినవాళ్ళే. నాకు చిన్నప్పుడు కళ్ళజబ్బు చేసి ఇంట్లోనే ఉండిపోయాను. అరవై దాటాక నేర్చుకున్న అక్షరాలివి. ఈ కాసిని కాగితాలకు ఒక చలికాలమంతా పట్టింది. మన్నించి చదవండి. ఇందులో వచ్చే ఉల్కన్ మనసులో అనుకున్న మాటలు నాకెలా తెలుసని అడుగుతారేమో. ఆమే చెప్పింది, పక్కపక్కన కూర్చుని కుట్టుకుంటున్నప్పుడు.

జనవరి నెల. మహమ్మారి జబ్బు కొత్త రూపంలో కొచ్కోర్ లోయలోకి దిగిన వారం. నర్సు అనిపా తలుపు తోసేసరికి ఉల్కన్ కిటికీ పక్కన కూర్చుని శిర్దక్ కుడుతోంది. ఎవరి పెళ్ళికో ఒప్పుకున్న, నేల మీద పరిచే ఉన్ని పరుపు అది. ఒత్తిన ఉన్ని, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. రెండూ ఒకదాని మీద ఒకటి పరిచి పొట్టేలు కొమ్ముల నమూనాను కత్తితో ఒకేసారి కోయాలి. ఎరుపులో కోసిన కొమ్ము నలుపులోకి, నలుపులో కోసిన కొమ్ము ఎరుపులోకి అమర్చి కుట్టాలి. ఒక్క ముక్క కూడా వృథా పోదు. కుట్టేటప్పుడు దారం సడలితే నాలుగేళ్ళలో కొమ్ములు లేచిపోతాయి. ఉల్కన్ కుట్టింది ఆమె పోయాక కూడా లేవదని ఊళ్ళో అనుకుంటారు.

"అక్కా, ముందు టీ పొయ్యి. వేళ్ళు విరిగి రాలేట్టున్నాయి," అంటూ అనిపా బూట్లు విప్పి పొయ్యి దగ్గర చతికిలబడింది. పొద్దున్నించీ ఇల్లిల్లూ తిరుగుతోంది. "మిల్లు ఆయన్ని నారిన్ ఆసుపత్రికి పంపించేశాను. సూది వద్దు, నా గుర్రం పాలు నాకు చాలు అన్నాడుగా, ఇప్పుడు ఆ పాలే తాగమను. ఇంకో సంగతి, పెద్ద గుమ్మం ఆయనకూ వచ్చేసింది. జ్వరం, ఒళ్ళునొప్పులు. చక్కెర జబ్బు మనిషి కూడానూ."

పెద్ద గుమ్మం ఆయన అంటే శార్శెన్. వీధిలోకెల్లా పెద్ద గుమ్మం ఆ ఇంటిది. ఆయన ఉల్కన్ భర్త ఒరోజ్‌కు పెదనాన్న కొడుకు. మొగుడి అన్నల పేరు మా వైపు కోడళ్ళు నోటితో పలకరు. ఉల్కన్ కూడా కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పేరు పలికి ఎరగదు.

సూది ఉన్నిలో సగం దాకా దిగి ఆగింది. కాసేపటికి అవతలికి వచ్చింది.

"పోతాడంటావా?" అంది ఉల్కన్.

"అయ్యో, అలా దిగులుపడకక్కా. సూదులు వేయించుకున్న మనిషి కదా. వీధిలో అందరికంటే ముందు చొక్కా చెయ్యి మడిచింది ఆయనే. నువ్వు వెనకే ఉన్నావు, గుర్తులేదూ?"

ఉల్కన్‌కు బాగా గుర్తుంది. ఆ వరసలో ఆయన మెడ వెనక ముడతలు చూస్తూ నిలబడింది. ఆ మెడను అలా చూడటం అలవాటైపోయింది ఆమెకు, ఒరోజ్‌ను మట్టిలో పెట్టిన దగ్గర నుంచీ.

జబ్బు మొదటిసారి వచ్చి జనం రాలిపోయిన ఆ జూలైలో, మాస్కోలో కూలికి పోయిన ఊరి కుర్రాళ్ళు కూడబలుక్కుని ఊరికి ఒక ఆక్సిజన్ మిషన్ పంపారు. వీధి పెద్ద కాబట్టి శార్శెన్ ఇంట్లో ఉంచారు. ఒరోజ్‌కు ఊపిరి అందని పూట ఉల్కన్ చెప్పులు కూడా లేకుండా ఆ గుమ్మానికి పరిగెత్తింది. ఆయన తలుపు ఒక అరచెయ్యంత తీసి, "మిషన్ పై ఊరికి ఇచ్చామమ్మా. రేపొస్తుంది," అన్నాడు. ఒరోజ్ ఆ రేపటిని చూడలేదు. ఖననం అయ్యాక, అరువు తెచ్చిన పెద్ద గిన్నెలు తిరిగి ఇవ్వడానికి వెళ్ళి, వాళ్ళ కొట్టుగదిలో పెడుతుంటే బొంతల దొంతర జారింది. అడుగున తెల్లటి మిషన్. దాని మీది ప్లాస్టిక్ తొడుగు కూడా విప్పలేదు. తనకు వస్తే ఉంటుందని దాచుకున్నాడు. ఆయన భార్య రైకాన్ అప్పుడు ఊళ్ళో లేదు. కూతురి పురిటికి బిష్కెక్ వెళ్ళి, దారులు మూసేసరికి అక్కడే చిక్కుకుపోయింది. మర్నాటికి ఆ మిషన్, పై ఊరి నుంచి తిరిగి వచ్చినట్టు, పదిమందీ చూసేలా వసారాలోకి వచ్చి కూర్చుంది.

ఆ మాట ఎవరితో చెబితే ఎవరు నమ్ముతారు? తెల్లగడ్డం పెద్దమనిషి, ఒట్టి విధవరాలు. అయితే మా ఆడవాళ్ళకు ఒక చోటుంది. మనిషి పోతే వాకిట్లో డేరా వేస్తారు. ఆడవాళ్ళు లోపల కూర్చుని శోకాలు పెడతారు. శోకం పెడుతున్నదాని నోరు ఎవరూ మూయకూడదు. పోయినవాడి మంచి పాడినా, చెడ్డ పాడినా, బయట నిలబడ్డ మగవాళ్ళందరూ తలలు వంచుకుని వినాలి. వీధి పెద్ద వచ్చి ఆపమనేదాకా అది ఆగదు. లోయలో ఉల్కన్ అంత బాగా శోకం పెట్టేవాళ్ళు లేరు. శార్శెన్ పోయిన రోజు తననే పిలుస్తారు. ఆ రోజు కోసం ఆమె ఒక శోకం కట్టుకుని ఉంచింది. కుట్టు కుట్టుకీ ఒక మాట పెట్టి, నచ్చకపోతే విప్పి, మళ్ళీ పెట్టి.

"ఆ సూదులు పాత రకానికి కదా," అంది ఇప్పుడు. "ఇది కొత్తదట. టీవీలో చెప్పారు, సూదులు దీనికి ఆగవని."

"రాకుండా ఆపవు, అది నిజమే." అనిపా గిన్నె రెండు చేతుల్లో పట్టుకుని ఊదుకుంది. "సూది వేశాక నెత్తుట్లో కాపలా తిరిగేవి పుడతాయి. అవి నెలలు గడిచే కొద్దీ పల్చబడతాయి. మిగిలినవి పాత మొహాన్నే వెతుక్కుంటాయి. ఇదేమో మొహం మార్చుకుని వచ్చింది. అందుకని లోపలికి దూరింది."

"దూరిందిగా మరి."

"దూరితే అయిపోయిందా? అక్కా, నీ గొర్రె వీపు మీది రంగు ఎవడో దొంగ చెరిపేసి వేరే రంగు పూశాడనుకో. నువ్వు పట్టలేవా?"

"చెవి కోత చూస్తాను. నడక చూస్తాను."

"అదే. లోపల ఇంకో రకంవాళ్ళున్నారు. వాళ్ళు పై రంగు చూడరు. జబ్బు దూరిన కణాన్ని పట్టుకుని, అందులో దాని తునకలు చూస్తారు. ఆ తునకల్లో చాలావరకు మారలేదు. చూడగానే ఓహో వీడా అని ఆ కణాన్ని అక్కడికక్కడే చంపేస్తారు. మరికొన్ని ఉన్నాయి, సూది నాటి జ్ఞాపకం పెట్టుకుని నిద్రపోతుంటాయి. అలికిడి కాగానే లేచి కొత్త కాపలావాళ్ళను పుట్టిస్తాయి. ఊరికే పుట్టించవు, కొత్త మొహానికి తగ్గట్టు సరిచేసుకుంటూ పుట్టిస్తాయి. ఏమీ తెలియని ఒంటికి వారాలు పట్టే పని, తెలిసిన ఒంటికి రోజుల్లో అయిపోతుంది. జ్వరం వస్తుంది, దగ్గు వస్తుంది. ఊపిరితిత్తుల దాకా పోయే లోపలే దాన్ని పట్టేస్తారు."

"అందరిలోనూ అలాగే పట్టేస్తారా?"

"అందరిలోనూ కాదు." అనిపా మొహం ముడుచుకుంది. "ముసలాళ్ళకు, చక్కెర ఉన్నవాళ్ళకు ఆ జ్ఞాపకం కాస్త మందం. ఆయన సంగతిలో నా భయం అదే."

"మందమా," అంది ఉల్కన్. టీ ఇంకో గిన్నె తనే నింపి, ఇష్టంగా, వెన్న రాసిన రొట్టె కూడా పెట్టింది.

అనిపా తింటూ, "నీది ఎంత మంచి మనసక్కా," అంది.

"ఏడాదిన్నర కిందటి సంగతి ఆ మనిషికి గుర్తుండదు గానీ, ఒంటికి మాత్రం అన్నీ గుర్తుంటాయి కాబోలు," అంది ఉల్కన్.

అనిపాకు అర్థం కాలేదు. బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఉల్కన్ మాంసం పులుసు కాచి గిన్నె మీద గుడ్డ కట్టి పెద్ద గుమ్మానికి వెళ్ళింది. రోగి ఇంటికి ఉత్త చేతులతో వెళ్ళరు. పెరట్లో అల్లుళ్ళిద్దరూ కొట్టంలోంచి డేరా వాసాలు బయటికి లాగి మంచు మీద పరుస్తున్నారు.

"ఏమిటి నాయనా, జనవరిలో డేరా?" అని అడిగింది.

"ఏం లేదు పిన్నీ. పురుగు పట్టిందేమో చూద్దామని," అని పెద్దల్లుడు వాసం వంక చూస్తూ అన్నాడు. చిన్నవాడు ఇంకో వాసం లాగాడు. కొట్టం చివర కట్టేసిన బలిసిన గుర్రాన్ని ఎవరో అప్పుడే ప్రత్యేకంగా మేపుతున్నారు. చావుకు కోసేది అదే. అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

రైకాన్ మూతికి గుడ్డ కట్టుకుని బయటికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. "లోపలికి రాకు ఉల్కన్. నీకు అంటుకుంటుంది."

"అంటుకోనీ అక్కా. ఎలా ఉన్నాడు?"

"రాత్రి ఒళ్ళు పెనంలా కాలింది. పిల్లల్ని పిలిపించమన్నాడు. ఎవరి దగ్గరైనా తను తప్పు చేసుంటే క్షమించమని చెప్పమన్నాడు."

"ఎవరి దగ్గరో చెప్పాడా?"

"అందరి దగ్గరా అన్నాడు."

కిటికీలోంచి దగ్గు వినిపించింది. లోతుగా, తడిగా. ఉల్కన్ ఆ దగ్గు పూర్తయ్యేదాకా నిలబడింది. ఒరోజ్ దగ్గు ఇలా ఉండేది కాదు. అతనికి చివర్లో దగ్గడానికి కూడా గాలి లేదు.

రైకాన్ గిన్నె అందుకుని, గొంతు తగ్గించి అంది. "ఏదైనా జరిగితే నువ్వే పాడాలి. మా పిల్లలకు చేతకాదు."

"పాడతాను. ఆ సంగతి నాకు వదిలెయ్."

ఇంటికి వెళ్ళే దారంతా మంచులో ఆమె నడక తేలికగా ఉంది. శోకంలో చివరి నాలుగు పాదాలు ఇన్నాళ్ళూ కుదరలేదు. తన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కుదిరాయి.

ఆ మధ్యాహ్నమే ఆమెకు వెన్నులో చలి మొదలైంది. సూదిలో దారం ఎక్కించబోతే కళ్ళు తిరిగాయి. పరుపు చుట్టి పక్కనపెట్టి పొయ్యి దగ్గర పడుకుంది. అనిపా వచ్చి వేలికి చిన్న మిషన్ తొడిగి, వీపు మీద గొట్టం పెట్టి విని, "నీకూ వచ్చింది. భయం లేదు, ఊపిరి గంటలా ఉంది," అంది.

ఒళ్ళంతా ఎవరో కర్రలతో ఉన్నిని కొట్టినట్టు ఉంది. అలా పడుకుని ఉల్కన్ తన లోపల జరుగుతున్నదాన్ని వినడానికి ప్రయత్నించింది. వాళ్ళు లేచి ఉంటారు. చెవి కోత చూస్తూ, నడక చూస్తూ, ఒక్కొక్కదాన్నీ పట్టుకుంటూ ఉంటారు. జాలి లేకుండా పనిచేస్తున్న ఆ లోపలివాళ్ళు ఆమెకు నచ్చారు. తన రక్తమే కదా, తనలాగే ఉంటుంది అనుకుంది. అప్పుడు ఇంకో సంగతి తట్టింది. ఇలాంటివాళ్ళే వీధి చివర ఆ మెడలో కూడా ఉన్నారు. ఒకే రోజు, ఒకే పెట్టెలోంచి తీసిన మందు. లోపలివాళ్ళకు ఎవరి ఒంట్లో ఉన్నామన్న ఆలోచన ఉండదు. మంచివాడు, చెడ్డవాడు అని చూడరు. పక్కకు తిరిగి గోడకు మొహం పెట్టుకుని పళ్ళు కొరికింది.

రెండు రోజుల్లో ఆమె లేచి కూర్చుంది. ఆ పొద్దున అనిపా నవ్వుతూ వచ్చింది.

"శుభవార్త అక్కా. పెద్ద గుమ్మం ఆయనకు జ్వరం తగ్గింది. పొద్దున్నే వేపుడు మాంసం అడిగాడట. రైకాన్ అక్క పొట్ట పాడవుతుందంటే, నేను చచ్చి బతికాను, నన్ను తిననియ్యి అన్నాడట."

ఉల్కన్ పొయ్యిలో ఇంకో పుల్ల వేసింది.

"మందమన్నావుగా," అంది.

"ఏమిటి?"

"ముసలాళ్ళకు జ్ఞాపకం మందమన్నావు."

"మందమే. అయినా సరిపోయింది. అదే గదా సంతోషం." అనిపా ఆమె చెయ్యి పట్టుకుని నాడి చూసింది. "నీరసంగా ఉందా అక్కా?"

"మళ్ళీ ఇంకో కొత్తది వస్తే?"

"వస్తుంది. వచ్చినప్పుడు మళ్ళీ దగ్గుతాం. పూర్తిగా కొత్త మనిషై వస్తే చెప్పలేను గానీ, దీని చుట్టమే అయితే ఒంటికి ఎంతో కొంత ఆనవాలు ఉంటుంది. ఎన్నేళ్ళు ఉంటుందో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆయనకైతే ఇప్పుడు సూదీ పడింది, జబ్బూ పడింది. నా అంచనాలో ఆయన మనందరినీ సాగనంపుతాడు."

ఆ మాట విన్నాక ఉల్కన్ పరుపు విప్పలేదు. ఎరుపులోకి నలుపు అమర్చి ఉన్న చోట వేలుపెట్టి చాలాసేపు రాస్తూ కూర్చుంది. దేని కోసం ఎదురుచూస్తోందో అది రాదు. ముందు తనే పోవచ్చు. అప్పుడు తన డేరా ముందు నిలబడి తలవంచేది ఆయనే.

ఆ వారం చివర పెద్ద గుమ్మంలో మొక్కు తీర్చుకున్నారు. గుర్రాన్ని వదిలేసి పొట్టేలును కోశారు. వీధి వీధంతా వచ్చింది. ఉల్కన్ పొద్దున్నే వెళ్ళి పిండి పిసికింది, చిన్న చిన్న బొర్సోక్‌లు కోసి నూనెలో వేయించి తీసింది. ఏరు వెంట మంచు కరిగేదాకా ఎవరింట్లోనూ పండగ ఉండదు కాబట్టి అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. పెద్ద గదిలో మగవాళ్ళు పై వరసలో, ఆడవాళ్ళు తలుపు వైపు. రైకాన్ టీ నీళ్ళు కాగే సమోవర్ దగ్గర కూర్చుని గిన్నెలు నింపుతోంది. నడుమ శార్శెన్, కాస్త చిక్కినా కొత్త కోటు, తెల్ల గడ్డం దువ్వుకుని.

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని మాట్లాడాడు. మృత్యువు గుమ్మం దాకా వచ్చిందన్నాడు. ఎవరికీ కీడు తలపెట్టనివాణ్ణి కాబట్టి దేవుడు వెనక్కి పంపాడన్నాడు. నర్సమ్మకు దీవెనలు చెప్పాడు. తర్వాత గొంతు బొంగురు చేసుకున్నాడు.

"మా తమ్ముడు ఒరోజ్ కూడా ఈ పూట ఇక్కడ కూర్చోవలసినవాడు. ఏం చేస్తాం. అప్పుడు సూదులు లేవు. ఊరికి ఉన్న ఒక్క మిషన్ కూడా వేరే ఊళ్ళో ఉంది. నా చేతుల్లో ఉంటే నా ఊపిరి కోసి ఇచ్చేవాణ్ణి."

నలుగురు ముసలివాళ్ళు తలలు ఊపారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఉల్కన్ బొర్సోక్‌ల పళ్ళెం నేల మీద పెట్టింది. చేతుల పిండి కొంగుకు తుడుచుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది, శోకం పెట్టేవాళ్ళు కూర్చునేట్టు. ఆమె ఏం చెయ్యబోతోందో అర్థమయ్యేసరికే గొంతు లేచింది. జీవితంలో మొదటిసారి ఆ పేరు పలికింది.

"శార్శెన్, ఓ శార్శెనా,
వీధికి పెద్ద గుమ్మమా,
గుమ్మమేమో ఇంత పెద్దది,
తీసిన తలుపు సన్నమా.

ఊరి కొడుకులు పంపిన ఊపిరి
నీ కొట్టుగదిలో పండుకుంది,
ఏడు బొంతల అడుగున వెచ్చగా
ఏ జబ్బూ లేక పండుకుంది.

నా ఒరోజ్ గట్టున చేపలా
నోరు తెరిచి కొట్టుకున్నాడు,
రేపొస్తుందని అన్నావు నువ్వు,
రేపు నీ ఒక్కడికే వచ్చింది."

ఆమె అరవలేదు. పాట పాటలాగే పాడింది, ఎక్కడా సాగదీయకుండా. బతికున్న మనిషికి శోకం పెట్టడం మా వైపు ఎవరూ కనలేదు, వినలేదు. అయినా ఎవరూ లేచి ఆమె నోరు మూయలేదు. శోకాన్ని మధ్యలో ఆపే చెయ్యి ఎవరికీ రాదు. ఆపే హక్కు వీధి పెద్దది. అందరూ ఆయన వైపు చూశారు.

శార్శెన్ మొహం మైనంలా అయింది. ఆమె మళ్ళీ మొదటి పాదం ఎత్తుకుంది. ఆయన చెయ్యి పైకి లేచింది. ముప్ఫై ఏళ్ళుగా ఎన్నో డేరాల ముందు నిలబడి ఎలా ఆపాడో అలాగే ఆపబోయాడు. శోకాన్ని ఆపడానికి ఆయనకు వేరే మాటలు రావు.

"చాలు తల్లీ, చాలించు," అన్నాడు. "పోయినాయన కోసం ప్రార్థన చేద్దాం."

ఉల్కన్ వెంటనే ఆగింది.

ముసలివాళ్ళు అలవాటు కొద్దీ అరచేతులు ఎత్తారు. వాళ్ళను చూసి చిన్నవాళ్ళూ ఎత్తారు. ఎవరో నాలుగు మాటలు అరబ్బీలో గొణిగారు. ఓమీన్ అని గదంతా చేతులతో మొహాలు తుడుచుకుంది. అప్పుడు గానీ ఎవరి కోసం చేశారో వాళ్ళకు తట్టలేదు. ఒకాయన టోపీ సర్దుకున్నాడు. ఎవరూ ఎవరి వంకా చూడలేదు.

సమోవర్ కొళాయి కింద గిన్నె నిండి పొంగి కారుతోంది. రైకాన్ కొళాయి కట్టేసింది.

"నేను పట్నం నుంచి వచ్చేసరికి," అంది నెమ్మదిగా, "కొట్టుగదిలో బొంతలు ఎవరో విప్పి మళ్ళీ మడిచినట్టున్నాయి. నేను అంచు లోపలికి పెట్టి మడుస్తాను. ఇవి అంచు బయటికి ఉన్నాయి. ఎవరు తీశారని అడిగితే ఎలకలు అన్నావు."

శార్శెన్ ఖాళీ గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. గడ్డం కింద మెడ ఒకసారి కదిలింది.

"ఎలకలు బొంతలు మడుస్తాయా?"

రైకాన్ లేచి మూల ఉన్న పెట్టె దగ్గరికి వెళ్ళింది. ఆ జ్వరం రోజుల్లో కూతురు పట్నం నుంచి తెచ్చిపెట్టిన నల్ల తలగుడ్డ అందులో ఉంది, మడత కూడా విప్పనిది. తన తెల్లగుడ్డ విప్పి పక్కనపెట్టింది. నల్లది కట్టుకుంది, వెనక గట్టిగా ముడి వేసింది. గదిలో కుడివైపు, భర్త పోయిన ఆడది కూర్చునే చోట, తలుపుకు వీపు పెట్టి గోడ వైపు తిరిగి కూర్చుంది.

"రైకాన్," అన్నాడు శార్శెన్. "లే. నాకు టీ పొయ్యి."

ఖాళీ గిన్నె పట్టుకుని చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

మొదట ఉల్కన్ లేచింది. వెళ్ళి వెనక నుంచి ఆమె భుజాలు కావలించుకుంది. తర్వాత ఒక్కొక్క ఆడమనిషీ లేచి వచ్చి, విధవరాలిని పలకరించినట్టు పలకరించి, వెళ్ళి బూట్లు తొడుక్కుంది. మగవాళ్ళు చివర్న, వంగి, ఆయన వైపు వీపు పెట్టకుండా ఎలా వెళ్ళాలో తెలియక తడబడుతూ వెళ్ళారు. మాంసం పళ్ళేలలోనే చల్లారిపోయింది.

శార్శెన్ ఇప్పటికీ బతికే ఉన్నాడు. ఆ తర్వాత రెండుసార్లు కొత్త రకాలు వచ్చాయి. రెండుసార్లూ నాలుగు రోజులు దగ్గి లేచి కూర్చున్నాడు. ఆయన ఒంటికి జ్ఞాపకం గట్టిదని అనిపా అంటుంది. ఉండనీ. వీధిలో ఎవరు పోయినా శోకం ఆపమనడానికి ఇప్పుడు ఆయన్ని పిలవరు. తన టీ తనే కాచుకుంటాడు. ఆయన నూరేళ్ళూ బతకాలని నేను రోజూ కోరుకుంటాను.

రైకాన్, శార్శెన్ వితంతువును. వయసు అరవై ఎనిమిది. కొచ్కోర్ లోయలో, ఉల్కన్ ఇంట్లో ఉంటున్నాను.